దేహంలోని లోహానికి కళాయే రక్ష

రాడ్లు, కృత్రిమ కీళ్ల మన్నికను నిర్ణయించేది మైక్రాన్ల మందం పూత
అంటుకోవాలి.. అరగకూడదు.. కొన్నిచోట్ల వేళకు కరిగిపోవాలి

హైదరాబాద్: చింతపండు పులుసు కాచే ఇత్తడి గిన్నెకు కళాయి లేకపోతే ఏమవుతుందో పల్లెల్లో పెద్దవారికి తెలియనిది కాదు. పులుపు తగిలిన చోట లోహం కరుగుతుంది. పచ్చని చిలుము పడుతుంది. ఆ వంట తిన్నవారికి కడుపులో తిప్పుతుంది. అందుకే వీధిలోకి కళాయి వేసేవారు వచ్చినప్పుడు గిన్నెలన్నీ బయట పెట్టి లోపల తగరం పూయించుకునేవారు. బరువు మోసేది ఇత్తడి, పులుసుకు తగిలేది మాత్రం తగరం. మానవ దేహంలో అమర్చే లోహపు పరికరాల వెనుక ఉన్న శాస్త్రం కూడా చాలావరకు ఇదే. ఎముకను నిలబెట్టేది లోహమైనా, రక్తమాంసాలకు తగిలేది దాని పైపొర.

ద్విచక్ర వాహనం మీద నుంచి పడి కాలు విరిగితే ‘రాడ్డు వేశారు’ అనే మాట ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. మోకీలు మార్పిడి, తుంటి మార్పిడి, గుండె రక్తనాళంలో స్టెంటు వంటివి జిల్లా కేంద్రాల ఆసుపత్రులకూ వచ్చాయి. రోగి బంధువులు అడిగే ప్రశ్న సాధారణంగా ఒక్కటే ఉంటుంది. స్టీలా, టైటానియమా? ధర ఎంత? లోహం మీద ఉన్న పూత ఏమిటని అడిగేవారు అరుదు. ఆ పరికరం పదేళ్లు ఉంటుందా, ఇరవై ఏళ్లు ఉంటుందా అనేది చాలా సందర్భాల్లో ఆ పూత మీదే ఆధారపడి ఉంటుంది.

ఉప్పునీటిలో ఉక్కు

ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. దేహద్రవాల ఉప్పదనానికి దగ్గరగా ఉండేలా ఆ లెక్క పెట్టారు. సముద్రపు నీటి ఉప్పులో ఇది సుమారు నాలుగో వంతు. దీనికి 37 డిగ్రీల వెచ్చదనం, రక్తం మోసుకొచ్చే ఆక్సిజన్ తోడవుతాయి. శస్త్రచికిత్స గాయం వాచినప్పుడు ఆ చోట ఆమ్లగుణం కూడా పెరుగుతుంది. తీర గ్రామాల్లో సైకిలు చువ్వలు ఎంత త్వరగా తుప్పు పడతాయో చూసినవారికి, ఒంట్లో లోహానికి ఎదురయ్యే పరీక్ష ఎలాంటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

తొలినాళ్ల వైద్యులు ఈ పరీక్షలో చాలాసార్లు ఓడిపోయారు. 1907లో బెల్జియం వైద్యుడు అల్బిన్ లాంబోట్ విరిగిన కాలికి మెగ్నీషియం ప్లేటు వేసి, బంగారు పూత పూసిన ఉక్కు మేకులతో బిగించారు. వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో ఒకదానికొకటి తగిలితే అది బ్యాటరీలా పనిచేస్తుంది. మెగ్నీషియం ఎనిమిది రోజుల్లోనే శిథిలమైంది. చర్మం కింద వాయువు పోగుపడింది. 1912 ప్రాంతంలో అమెరికాలో షెర్మన్ రూపొందించిన వెనేడియం ఉక్కు ప్లేట్లు బలంలో మెరుగైనా తుప్పును తట్టుకోలేకపోయాయి. తరువాత తుప్పు పట్టని ఉక్కు రావడంతో పరిస్థితి మారింది.

ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో ప్లేట్లకు, స్క్రూలకు విరివిగా వాడేది 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు. ఇందులో క్రోమియం 16 నుంచి 18 శాతం, నికెల్ 10 నుంచి 14 శాతం, మాలిబ్డినం 2 నుంచి 3 శాతం ఉంటాయి. దీని రక్షణ రహస్యం క్రోమియంలో ఉంది. గాలి తగిలిన క్షణంలోనే క్రోమియం ఆక్సైడ్‌గా మారి ఉక్కు చుట్టూ కొద్ది నానోమీటర్ల పొరగా ఏర్పడుతుంది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. అంటే ఇది ప్రకృతి సిద్ధంగా పడే కళాయి. గీసుకుపోయినా చుట్టూ ఆక్సిజన్ ఉంటే తిరిగి తనంతట తానే ఏర్పడుతుంది.

చిక్కు వచ్చేది ఆక్సిజన్ అందని చోట. స్క్రూ తల ప్లేటులో కూర్చునే సన్నని సందులో ద్రవం నిలిచిపోతుంది. అడుగు వేసినప్పుడల్లా ఆ రెండు లోహాలూ కంటికి కనిపించనంత స్వల్పంగా రాసుకుంటాయి. పొర చెరుగుతుంది, తిరిగి పడడానికి ఆక్సిజన్ ఉండదు. క్లోరైడ్ అయాన్లు అక్కడ గుంటలు తొలుస్తాయి. కొన్నేళ్ల తరువాత తీసిన ప్లేట్లలో స్క్రూ తలల కింద తుప్పు మచ్చలు, పక్కనున్న కండ నల్లబారడం వైద్యులకు పరిచితమైన దృశ్యమే. కరిగిన నికెల్ కొందరికి పడదు. గిల్టు నగలు పెట్టుకుంటే చెవి తమ్మెలు దురదపెట్టి రసి కారే స్త్రీలు చాలామంది ఉంటారు. ఆ దురదకు కారణం ఎక్కువగా నికెలే. శస్త్రచికిత్సకు ముందు ఈ సంగతి వైద్యుడికి చెప్పడం మేలు.

కుందేలు ఎముక చెప్పిన కొత్త సంగతి

టైటానియం కథ వేరు. 1952లో స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ కుందేలు కాలి ఎముకలో రక్తప్రసరణను గమనించేందుకు టైటానియం గొట్టం అమర్చారు. పని ముగిశాక దాన్ని తీయబోతే రాలేదు. ఎముక దానికి అతుక్కుపోయింది. టైటానియం మీద పడే ఆక్సైడ్ పొరను ఎముక పరాయిదిగా చూడలేదు. ఆ పరిశీలన నుంచే 1965లో మనిషి దవడలో తొలి టైటానియం పంటి వేరు అమరింది.

అయితే ఆ కలయికకు నెలలు పడుతుంది. తుంటి మార్పిడి జరిగిన వ్యక్తి అన్నాళ్లు కదలకుండా పడుకోలేడు. నడకలో తుంటి మీద పడే భారం శరీర బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. సాధారణంగా నడిచే మనిషి ఒక్కో కాలు ఏడాదికి సుమారు పది లక్షల సార్లు నేల మీద మోపుతాడని ఇంజినీర్లు లెక్కిస్తారు. మొదటి నెలల్లో లోహపు కాడ ఎముకలో కదిలిందంటే మధ్యలో మెత్తని పీచు కణజాలం పెరుగుతుంది. ఇక ఎముక ఎన్నటికీ అంటదు. కీలు వదులవుతుంది. రెండో శస్త్రచికిత్స తప్పదు. మొదటిదానికే అప్పు చేసిన కుటుంబానికి ఆ రెండోది ఏమిటో వివరించనక్కరలేదు.

ఎముకకు ఎముక మట్టి

ఈ జాప్యాన్ని తగ్గించేందుకు వచ్చినదే హైడ్రాక్సీ అపటైట్ పూత. పేరు నోరు తిరగనిదైనా పదార్థం మాత్రం మనలో ప్రతి ఒక్కరి ఒంట్లోనూ ఉన్నదే. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజమిది. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఈ జాతి ఖనిజమే. లోహపు కాడ మీద దీన్ని పూస్తే, ఎముక కణాలు తమ ఇంటి గోడే అనుకుని దాని మీద కొత్త ఎముక కడతాయి. 1980ల మధ్యలో ఇంగ్లండులో ఫర్లాంగ్, నెదర్లాండ్స్‌లో గీసింక్ ఈ పూతతో తుంటి కీళ్లు అమర్చడం మొదలుపెట్టారు. సిమెంటు లేకుండా వేసే తుంటి కాడల్లో నేటికీ ఈ పూతకు ప్రముఖ స్థానం ఉంది.

పూసే విధానం కొలిమిని తలపిస్తుంది, కాకపోతే మంట తీవ్రత ఊహకందనిది. ఆర్గాన్ వంటి వాయువులో విద్యుత్తు చాపం రగిలిస్తే ప్లాస్మా పుడుతుంది. దాని ఉష్ణోగ్రత 10 వేల డిగ్రీలు దాటుతుంది. అందులోకి ఖనిజపు పొడిని ఊదుతారు. రేణువు అంచులు కరిగి, వేగంగా వెళ్లి లోహానికి కొట్టుకుని, పేడముద్దలా చదునై గడ్డకడుతుంది. అలా ఒకదానిపై ఒకటి పేరుకుని 50 నుంచి 200 మైక్రాన్ల పొర అవుతుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఆ పోలికతో ఈ మందాన్ని అంచనా వేయవచ్చు.

ఇక్కడే శాస్త్రవేత్తలకు ఒకదానితో ఒకటి పొసగని కోరికలు ఎదురవుతాయి. మంట ఎక్కువైతే ఖనిజం స్ఫటిక రూపం కోల్పోయి గాజులా మారుతుంది. ఆ భాగం ఒంట్లో త్వరగా కరిగిపోతుంది. మంట తక్కువైతే రేణువు కరగదు, పూత అంటదు. పూత పలుచనైతే ఎముక పట్టు చిక్కేలోపే హరించుకుపోవచ్చు. మందమైతే పగులుతుంది. లోహం, ఖనిజం వేడికి సమానంగా వ్యాకోచించవు గనుక చల్లారేటప్పుడు మధ్యలో బిగువు నిలిచిపోతుంది. పూత లోహాన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలో అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఒక్కో చదరపు మిల్లీమీటరుకు కనీసం 15 న్యూటన్ల లాగుడును తట్టుకోవాలి. అంటే గోరంత వైశాల్యం మీద, చదరపు సెంటీమీటరుకు, సుమారు 150 కిలోల బరువు వేలాడదీసినా ఊడరాదన్నమాట.

నూనె మరక ఖరీదు

కళాయి వేసేవారు ముందుగా గిన్నెను ఇసుకతో రుద్ది, కాల్చి, నవాసారం చల్లి మురికి వదలగొట్టేవారు. జిడ్డు ఉన్న చోట తగరం పట్టదు. ఈ పాత సూత్రాన్ని ఒక పెద్ద కర్మాగారం విస్మరిస్తే ఏమవుతుందో 2000 సంవత్సరంలో ప్రపంచం చూసింది. అమెరికాలోని టెక్సస్‌లో సుల్జర్ ఆర్థోపెడిక్స్ సంస్థ తయారు చేసిన తుంటి గిన్నెల మీద తయారీ యంత్రాల కందెన నూనె అవశేషం మిగిలిపోయింది. కంటికి కనిపించని ఆ జిడ్డు వల్ల ఎముక లోహాన్ని పట్టుకోలేదు. అమర్చిన గిన్నెలు వదులయ్యాయి. 2000 డిసెంబరులో సంస్థ సుమారు 17,500 గిన్నెలను వెనక్కి పిలిచింది. వాటిలో చాలా భాగం అప్పటికే మనుషుల ఒంట్లో ఉన్నాయి. వేలాదిమందికి మళ్లీ శస్త్రచికిత్స చేయాల్సి వచ్చింది. లోహంలో లోపం లేదు, నమూనాలో లోపం లేదు. ఉన్నదల్లా ఉపరితలం మీదే.

అరుగుదలకు అడ్డుకట్ట

తుంటి కాడ ఎముకను పట్టుకోవాలి గనుక దాని పూత గరుకుగా ఉంటుంది. కీలు తిరిగే చోట మాత్రం అద్దంలాంటి నునుపు కావాలి. కోబాల్టు, క్రోమియం మిశ్రమాన్ని ఇందుకు వాడతారు. గట్టిదే గాని, లోహం మీద లోహం తిరిగితే ధూళి రాలుతుంది. 2010 ఆగస్టులో డిప్యూ సంస్థ తన ఏఎస్ఆర్ రకం తుంటి కీళ్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్నది ఈ కారణంగానే. రాలిన రేణువులు చుట్టూ కండను దెబ్బతీయగా, కొందరి రక్తంలో కోబాల్టు పాళ్లు పెరిగాయి. మన దేశంలోనూ ఈ కీళ్లు అమర్చుకున్నవారు ఉన్నారు. పరిహారం కోసం వారు ఏళ్ల తరబడి పోరాడారు.

ఇటువంటి చోట టైటానియం నైట్రైడ్ పూత ఒక మార్గం. గాలి తీసేసిన గదిలో టైటానియంను ఆవిరి చేసి, నత్రజనితో కలిపి, పరికరం మీద కొద్ది మైక్రాన్ల మందాన పేరుస్తారు. బంగారు వన్నెతో నిగనిగలాడుతుంది. ఆసుపత్రిలో పసుపుపచ్చని మోకీలు చూపిస్తే బంగారం పూశారని భ్రమపడనక్కరలేదు. లోపలి నికెల్, కోబాల్టు బయటకు రాకుండా తడికలా ఆపడం దీని పని. అయితే పూత ఎక్కడైనా పెచ్చు లేస్తే ఆ పెచ్చే ఆకురాయిలా మారి కీలును అరగదీస్తుంది.

పెచ్చు లేవని పూత కోసం మరో ఉపాయం పన్నారు. పైనుంచి ఏమీ పూయరు. జిర్కోనియం లోహాన్ని గాలిలో సుమారు 500 డిగ్రీల వరకు కాలుస్తారు. పైభాగం తనంతట తానే 5 మైక్రాన్ల మేర నల్లని పింగాణీగా మారుతుంది. లోహంలోంచి పుట్టిన పొర గనుక పట్టు గట్టిగా ఉంటుంది. కేంద్రం 2017 ఆగస్టులో మోకీళ్ల ధరలకు పరిమితి విధించినప్పుడు సాధారణ కోబాల్టు క్రోమియం మోకీలుకు రూ.54,720, టైటానియం, ఆక్సీకరణ జిర్కోనియం రకాలకు రూ.76,600 గరిష్ఠ ధరగా నిర్ణయించింది. పన్ను అదనం.

స్టెంట్లలో పూత విలువ ఇంకా స్పష్టం. ఉత్త లోహపు స్టెంటు వేసిన రక్తనాళం కొందరిలో నెలల వ్యవధిలో మళ్లీ పూడుకునేది. లోహం మీద పలుచని పొరలో మందు నింపి, అది మెల్లగా ఊరేలా చేశాక ఆ బాధ బాగా తగ్గింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం నిర్ణయించిన ధరలో ఉత్త స్టెంటు రూ.7,260 కాగా, మందు పూత గలది రూ.29,600. ఆ నాలుగు రెట్ల తేడాకు మూలం ప్రధానంగా పూతే.

రంగు వేయని రంగులు

టైటానియం స్క్రూలు నీలం, ఊదా, బంగారు రంగుల్లో కనిపిస్తాయి. అది రంగు కాదు. స్క్రూను ఒక ద్రావణంలో ముంచి విద్యుత్తు పంపితే ఆక్సైడ్ పొర మందమవుతుంది. వోల్టేజీని బట్టి మందం, మందాన్ని బట్టి రంగు మారతాయి. వాననీటి మీద తేలే డీజిల్ తెట్టెలో రంగులు కనిపించడానికీ ఇదే కారణం. శస్త్రచికిత్స బల్ల మీద ఏ కొలత స్క్రూ ఏదో రంగు చూసి పోల్చుకోవడానికి ఇది ఉపకరిస్తుంది.

ఇదే పద్ధతిలో వోల్టేజీని కొన్ని వందలకు పెంచితే లోహం మీద సన్నని నిప్పురవ్వలు లేస్తాయి. ఆ వేడికి పొర పింగాణీలా గట్టిపడి, చిన్న చిన్న రంధ్రాలతో ఏర్పడుతుంది. ద్రావణంలో కాల్షియం, ఫాస్ఫేట్ కలిపితే అవీ పొరలో చేరతాయి. సూక్ష్మ చాప ఆక్సీకరణ అనే ఈ విద్యను మన దేశంలో అభివృద్ధి చేసి పరిశ్రమలకు అందించిన సంస్థ నగర శివారులోని బాలాపూర్‌లోనే ఉంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం కింద 1997 నుంచి పనిచేస్తున్న ఏఆర్‌సీఐ సంస్థ అది. విమాన భాగాలకు, విద్యుత్ కేంద్రాల యంత్రాలకు పూతలు సిద్ధం చేసిన అనుభవం దానికి ఉంది. అక్కడికి దగ్గరలోనే, కంచన్‌బాగ్‌లో 1973లో నెలకొన్న మిశ్రధాతు నిగమ్ రక్షణ, అంతరిక్ష అవసరాలకు టైటానియం మిశ్రమాలు పోత పోస్తూ, ఎముకల్లో అమర్చే పరికరాలనూ తయారు చేస్తోంది. క్షిపణికి పనికొచ్చిన లోహవిద్య విరిగిన కాలికి పనికిరావడం ఈ ప్రాంతానికి కొత్త కాదు.

కరిగిపోయే పనిమంతుడు

పరికరం మీద ఎముక కణాల కంటే ముందుగా బ్యాక్టీరియా చేరితే అది జిగురు పొర కట్టుకుని లోపల దాక్కుంటుంది. మాత్రలు, ఇంజెక్షన్ల మందు దాకా వెళ్లదు. చాలాసార్లు పరికరాన్ని తీసేయడమే మిగిలిన దారి అవుతుంది. క్యాన్సర్ సోకిన ఎముక తీసేసి పెద్ద లోహపు భాగం అమర్చే రోగుల్లో ఈ ముప్పు ఎక్కువ. అందుకే అటువంటి పరికరాలకు వెండి పూత వాడుకలోకి వచ్చింది. వెండి అయాన్లు సూక్ష్మజీవులను చంపుతాయి. మోతాదు మించితే మన కణాలకూ హానే. వెండి పేరుకుని ఆ చోట చర్మం నీలి ఛాయకు తిరిగిన రోగులూ ఉన్నారు. జెంటమైసిన్ వంటి మందును పూతలో నింపిన కాలి రాడ్లు కూడా తయారయ్యాయి.

లాంబోట్ ఓడిన చోటికే శాస్త్రవేత్తలు మళ్లీ వెళ్లారు. ఎముక అతికాక కరిగిపోయే లోహం ఉంటే ప్లేటు తీయడానికి మరోసారి కోత పెట్టనక్కరలేదు. మెగ్నీషియం అటువంటిదే. కానీ ఒక గ్రాము మెగ్నీషియం కరిగితే సుమారు లీటరు హైడ్రోజన్ వెలువడుతుంది. మెల్లగా వెలువడితే రక్తం దాన్ని మోసుకుపోతుంది. వేగంగా వస్తే బుడగలై నిలుస్తుంది. అందువల్ల ఇక్కడ పూత చేయవలసిన పని తుప్పును శాశ్వతంగా ఆపడం కాదు, ఎముక అతికే వారాల పాటు వాయిదా వేయడం. జర్మనీలో చేసిన ఒక మెగ్నీషియం మిశ్రమపు స్క్రూకు 2013లో ఐరోపా అనుమతి లభించింది. మన దగ్గర ఏఆర్‌సీఐ, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ కలిసి ఇనుము, మాంగనీస్ మిశ్రమాలతో కరిగే లోహాలను రూపొందించినట్లు 2020లో ప్రకటించాయి.

గాజు పాత్ర నుంచి మనిషి దాకా

కొత్త పూత తయారైన మరునాడే రోగి ఒంట్లోకి వెళ్లదు. తొలి పరీక్ష గాజు పాత్రలో జరుగుతుంది. రక్తద్రవంలోని లవణాల పాళ్లతో కలిపిన కృత్రిమ ద్రావణంలో 37 డిగ్రీల వద్ద ముంచి ఉంచుతారు. జపాన్ శాస్త్రవేత్త కొకుబో 1990లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. పూత మీద ఎముక ఖనిజం పేరుకుందా అని చూస్తారు. విద్యుత్తుతో తుప్పు వేగాన్ని కొలుస్తారు, వజ్రపు మొనతో గీసి పట్టు చూస్తారు. ఆ తరువాత కణాల మీద, జంతువుల మీద పరీక్షలు జరుగుతాయి. గాజు పాత్రలో నెగ్గి జంతువులో ఓడిన పూతలు ఎన్నో ఉన్నాయి. ద్రావణంలో లవణాలు ఉంటాయి గాని మాంసకృత్తులు, రోగనిరోధక కణాలు, అడుగుల తాకిడి ఉండవు. కళాశాలల ప్రయోగశాలల నుంచి వెలువడే వార్తల్లో ‘అద్భుత పూత’ అని కనిపించినప్పుడు అది ఏ మెట్టు మీద ఉందో చూసి నమ్మడం మంచిది.

వైద్య పరికరాల నియమావళి 2017 మన దేశంలో 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఒంట్లో అమర్చే పరికరాల వల్ల కలిగే ఇబ్బందులను నమోదు చేసేందుకు మెటీరియో విజిలెన్స్ కార్యక్రమాన్ని అంతకు ముందే, 2015 జులైలో ప్రారంభించారు. వైద్యులే కాక రోగులూ ఇందులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అలా నమోదు చేయాలంటే ఒంట్లో ఉన్నది ఏదో తెలియాలి. పరికరం పెట్టెతోపాటు ఊడదీసి అతికించే చిన్న స్టిక్కర్లు వస్తాయి. వాటి మీద తయారీ సంస్థ పేరు, కొలత, లాట్ నంబరు ఉంటాయి. లోహం, పూత వివరాలు కూడా చాలావాటి మీద ఉంటాయి. ఒక స్టిక్కరు ఆసుపత్రి కేసు షీటులో అంటిస్తారు. రెండోది డిశ్చార్జి కాగితం మీద అంటించి ఇమ్మని అడగాలి. పదేళ్ల తరువాత కీలు నొప్పి చేసి మరో ఊరి వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు ఎక్స్‌రేలో లోహం ఆకారం కనిపిస్తుంది గాని, దాని మీది పూత ఏదో కనిపించదు.